పక్క రేవు గోడ

మా ముర్తెర్ దీవిలో బర్తుల్‌ని మించిన పడవవాడు లేడు. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు. మా ఎదురు సముద్రంలోని కొర్నాటి దీవుల్లో మీకు తోచిన రేవు పేరు చెప్పండి, కళ్ళు మూసుకుని తెరచాపతోనే పడవను తీసుకెళ్ళి, ఒడ్డున కూర్చున్న పిట్ట ఎగిరిపోకుండా ఆపగలడు. కాదన్నవాడెవడైనా ఉంటే నా దగ్గరికి రమ్మనండి, నా ఆలివ్ తోటలో సగం వాడికి రాసిచ్చేస్తాను.

ఆ బర్తుల్‌కి కిందటి శీతాకాలం నుంచి చూపు పోవడం మొదలైంది.

పూర్తిగా కాదు. వెలుతురు తెలుస్తుంది. సముద్రం అయిపోయి కొండ మొదలయ్యే చోటు నీలానికీ బూడిద రంగుకీ మధ్య గీతలా తెలుస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం మాత్రం పాలలో నానిన రొట్టెముక్కలా కరిగిపోతుంది. నడిమధ్య మసక, పక్కల్లో కాస్త చూపు. దేన్నయినా చూడాలంటే తల పక్కకి తిప్పాలి. అందుకని ఈ మధ్య బర్తుల్‌కి పొగరెక్కిందనీ, మాట్లాడుతుంటే మొహం తిప్పేసుకుంటున్నాడనీ ఊళ్ళో అనుకున్నారు. అతను అనుకోనిచ్చాడు. గుడ్డివాడనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడం నయం.

పెళ్ళాం పెరీనాకి కూడా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం, వాళ్ళిద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉంది.

ఆ ఒప్పందం పుట్టింది జ్వానె పడవ దగ్గర. జ్వానె అంటే బర్తుల్ ఈడువాడే, నలభై ఏళ్ళుగా మాటల్లేని శత్రువు. జ్వానె కోడలు రేవు వీధిలో కాఫీ హోటలు పెట్టి, మామగారి పాత పడవని గుమ్మం ముందుకి లాగించి, అందులో మట్టి పోయించి ఎర్ర జెరేనియం మొక్కలు నాటింది. బర్తుల్ ఆ రోజు ఊరంతా తిరిగి, "జ్వానె పడవకి పూలు పూశాయిరా, వచ్చే ఏటికి కాయలు కూడా కాస్తాయి" అని చాటింపు వేశాడు. ఇంటికొచ్చాక మాత్రం రొట్టె ముక్క గొంతు దిగలేదు.

అది చూసి పెరీనా అంది: "మన లాస్తా సంగతి మనమే తేల్చుకుందాం, ముసలాయనా. నీకు దారి కనిపించని రోజునైనా, నాకు తెరచాప తాడు లాగే బలం లేని రోజునైనా పడవ ఒడ్డెక్కాల్సిందే. ఎవరూ బతిమాలకూడదు, ఎవరూ ఏడవకూడదు."

లాస్తా వాళ్ళ పడవ. బర్తుల్ తాత కట్టించింది. సరేనని బర్తుల్ చెయ్యి కలిపాడు. అప్పటికి అతని కళ్ళు గద్ద కళ్ళు.

ద్రాక్ష కోత అయిపోయి ఆలివ్ కోత ఇంకా మొదలవని సెప్టెంబరులో వాళ్ళిద్దరూ ఏటా లాస్తా ఎక్కి కొర్నాటి వైపు, అక్కడున్న తమ సొంత రేవుకి పోతారు. వయసులో ఉండగా ఆ నీళ్ళలో తిరిగిందంతా పని మీదే. పడవలో గొర్రెలు, గాడిద, మంచినీళ్ళ పీపా, వాటి మధ్య ఇరుక్కుని వీళ్ళిద్దరూ. ఏ రేవు ఎంత అందంగా ఉన్నా ఆగి చూసే తీరిక ఎప్పుడో గానీ దొరికేది కాదు. ఇప్పుడు తీరికే ఉంది, ఒంట్లో ఓపికే లేదు.

ఈ ఏడు కూడా బయలుదేరారు. మాలో మగవాడు చుక్కాని దగ్గర కూర్చుంటాడు, ఆడది చాప తాడు పట్టుకుంటుంది, గాలి పడిపోతే తెడ్డు వేస్తుంది. పెళ్ళయిన మర్నాటినుంచీ వీళ్ళ చోట్లు అవే. బర్తుల్ చుక్కాని పిడి మీద చెయ్యి వేసి, తల కాస్త పక్కకి తిప్పి, ఏమీ ఎరగనివాడిలా కూర్చున్నాడు. లోపల మాత్రం ఒకటే మొక్కు. మన రేవుకి నా చేత్తో నేనే చేర్చాలి, పెరీనాకి తెలియకూడదు. తెలిసిందా, ఇక లాస్తాకి మట్టీ మొక్కలూ తప్పవు.

పెరీనా నోరు విప్పింది.

"అదిగో, ఆ తెల్ల రాయి చూడు, మీ బాబాయి బట్టతలలా ఎలా మెరుస్తోందో. దాని కుడి పక్కన పెద్ద పడవొకటి లంగరేసి ఉంది. లోపలున్నోళ్ళు ఇంకా నిద్ర లేచినట్టు లేరు."

"నాకు కళ్ళు లేవా? కాసేపు ఆ నోరు మూసుకోవే."

"మూసుకుంటే తోచదు. చూశావా, వాడి లంగరు తాడు ఎంత బారుగా వదిలాడో, ఇటే వచ్చేసింది."

బర్తుల్ పడవను కాస్త ఎడమకి తిప్పాడు, తనకే తోచినట్టు.

ఈ మధ్య ఆమెకి మాటలు మరీ ఎక్కువయ్యాయి. కనిపించిన ప్రతి రాయినీ పలకరిస్తుంది. వయసు మీద పడితే ఆడవాళ్ళు ఇలాగే అవుతారు కాబోలని బర్తుల్ సరిపెట్టుకున్నాడు. వింటున్నట్టు ఊఁ కొట్టేవాడు, విసుక్కునేవాడు. విసుక్కుంటూనే రాళ్ళు తప్పించుకుంటూ పోయేవాడు.

జూట్ దీవి దగ్గర ఆగారు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో తుఫానుకి చిక్కి ఆ రేవులో తలదాచుకున్నారు. తడిసిన తెరచాప కప్పుకుని పొద్దుటిదాకా నవ్వుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు దిగుదామా వద్దా అని ఇద్దరూ తటపటాయించారు.

"దిగితే మళ్ళీ ఎక్కాలి" అంది పెరీనా.

"ఇక్కణ్ణించే చూద్దాంలే."

పడవలోనే కూర్చుని చూశారు. బర్తుల్‌కి ఆకుపచ్చ మరక ఒకటి కనిపించింది. మిగతాదంతా పాత జ్ఞాపకంతో పూరించుకున్నాడు. ఉప్పు చేపలు, గొర్రెపాల జున్ను, అత్తిపళ్ళు తిన్నారు. నీళ్ళు కలిపిన ద్రాక్షసారా తాగారు. తిన్నాక మోకాళ్ళు పట్టేస్తే ఒకరి మోకాలు ఒకరు నొక్కుకున్నారు.

మర్నాడు లావ్సా దీవి. ఒకప్పుడు ఆ ఇసుకరేవు నీళ్ళలో పెరీనా ఈదుతుంటే బర్తుల్ ఒడ్డున కాపలా కూర్చునేవాడు. ఇప్పుడామె పడవ అంచు మీంచి చెయ్యి కిందికి జార్చి వేళ్ళు తడుపుకుంది.

"చల్లగా ఉన్నాయా?"

"అప్పటంత చల్లగా లేవు. లేకపోతే నాకే తెలియడం లేదో."

ఇంత దూరం వచ్చింది ఆ నీళ్ళని చూడటానికే. ఆ నీళ్ళు మాత్రం వీళ్ళని గుర్తుపట్టినట్టు లేవు.

మూడో రోజు వాళ్ళ సొంత రేవుకి చేరాలి. ఆ రేవుకి ఆనుకుని, మధ్యలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక్క రాతిమొన అడ్డంగా, జ్వానె రేవు ఉంది. రెండూ కవల పిల్లల్లాంటివి. అదే గులకరాళ్ళ ఒడ్డు, అదే చిన్న రాతి గది, గట్టు మీద అవే ఆలివ్ చెట్లు, చుట్టూ అదే రాతి గోడ. శత్రుత్వం కూడా ఆ గోడ మీదుగానే వచ్చింది. నలభై ఏళ్ళ కిందట బర్తుల్ పొట్టేలు గోడ దూకి, జ్వానె ఒడ్డున ఆరేసుకున్న తెరచాపని సగం నమిలేసిందట. జ్వానె ఆ పొట్టేలుని కోసి కూర వండించాడట. ఆ కూర తిన్నవాళ్ళంతా ఏడాదిపాటు గాలి వీచినప్పుడల్లా పొట్టలు ఉబ్బి ఒక పక్కకి ఒరిగి నడిచేవారు. ఈశాన్యపు గాలి రోజున జ్వానె చర్చికి వెళ్ళబోయి తిన్నగా సారా కొట్లోకి కొట్టుకుపోయాడని చెప్పుకుంటారు.

మధ్యాహ్నం, వాయవ్యం నుంచి వీచే మాయిస్ట్రల్ గాలి లేచింది. పెరీనా చాప సర్ది తాడు కట్టేసింది.

"ఈ పూట నాకు మాట్లాడే ఓపిక లేదు. అలా నడుం వాలుస్తాను. మన రేవు వచ్చాక లేపు."

"హమ్మయ్య" అన్నాడు బర్తుల్.

ఆమె ముందువైపు పాత కోటు మడిచి తలకింద పెట్టుకుని ఒత్తిగిలి పడుకుంది. బర్తుల్‌కి మొదట హాయిగా అనిపించింది. కాసేపటికి ఆ హాయి పోయింది. ఆమె నోరు ఆగిపోగానే సముద్రం పెద్దదైపోయినట్టు అనిపించింది. కుడిపక్క ఏముందో, ఎడమపక్క ఏముందో అంతా ఒకే తెల్లటి మసక. లేపుదామా అనుకున్నాడు. లేపితే ఎందుకు లేపానో చెప్పాలి. లేపలేదు.

చెవులున్నాయి, ముక్కుంది. గాలి ఎడమ చెంపకి తగలాలి. మన రేవు ముందరి మొన కింద రాతిలో ఒక బొర్ర ఉంది, అల వచ్చినప్పుడల్లా దాహం తీరని మనిషిలా గుటకలేస్తుంది. ఆ గుటక విన్నాక కుడికి తిరగాలి. అలాంటి బొర్రే జ్వానె మొన కిందా ఉంది గానీ అది మనదాని తర్వాత వస్తుంది. మొదటి గుటకకే తిరిగితే చాలు.

పాటలు మోగించుకుంటూ మోటారు పడవొకటి పక్కనుంచి దూసుకుపోయింది. దాని అలలకి లాస్తా ఊగింది. చప్పుడు తగ్గాక బర్తుల్ చెవి ఒగ్గాడు. కొంతసేపటికి గుటక వినిపించింది. తిరిగాడు. కొండచాటున గాలి తగ్గింది, కొండ మీద ఎండిన సేజ్ మొక్కల వాసన వచ్చింది, పడవ అడుగున గులకరాళ్ళు మెత్తగా గీసుకున్నాయి. చాప దించి, లంగరు వదిలి, ఒడ్డుకి తాడు కట్టాడు. ఇన్నేళ్ళలో ఏ పందెం గెలిచినప్పుడూ అంత గెలిచినట్టు అనిపించలేదు.

"లేవే. వచ్చేశాం."

పెరీనా లేచి కూర్చుంది. ఒడ్డుని చూసింది, గట్టుని చూసింది, మొగుణ్ణి చూసింది.

"వచ్చేశామా" అంది. అంతే.

కొర్నాటిలో తన రేవున దిగినవాడు తిండి మూట విప్పేముందు గోడకి పడిపోయిన రాళ్ళు తిరిగి పెట్టాలి. ఎవరూ చెప్పక్కర్లేదు. మరిచిపోయి మూట విప్పితే మళ్ళీ ముడేసి వెళ్ళి, రాళ్ళు పెట్టి వచ్చి తింటాం. మట్టీ సున్నమూ లేని గోడలు, గొర్రె ఆనుకున్నా పడతాయి, గాలి ఆనుకున్నా పడతాయి. బర్తుల్ మూట పెరీనాకి వదిలేసి, చేతులతో తడుముకుంటూ గట్టెక్కాడు.

గోడ చాలామేర కూలిపోయి ఉంది. పోయిన ఏడు ఇంత లేదే అనుకున్నాడు. శీతాకాలం గాలులు మరి. కూర్చుని పని మొదలుపెట్టాడు. ఈ పనికి కళ్ళతో పనిలేదు. రాయి పట్టుకుంటే దాని చోటేదో చేతికే తెలుస్తుంది. వాళ్ళ ఇంటి పద్ధతి ప్రకారం బల్లపరుపుగా, రొట్టెలు పేర్చినట్టు, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టాడు. నడుం నొప్పి పెడితే ఆగాడు. మళ్ళీ పెట్టాడు. కూలిన మేరంతా నడుం ఎత్తు వరకు లేచింది. చివరికి చెయ్యి ముందుకి చాపి, పడిపోకుండా మిగిలిన పాత గోడని తాకాడు.

ఆ రాళ్ళు పడుకుని లేవు. నిలబడి ఉన్నాయి. అరలో పుస్తకాలు నిలబెట్టినట్టు, వరసగా, నిలువుగా.

కొర్నాటి మొత్తంలో రాళ్ళు అలా నిలబెట్టే ఇల్లు ఒక్కటే ఉంది.

బర్తుల్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొదటి గుటక ఆ మోటారు పడవ పాటల్లో కలిసిపోయిందన్నమాట. శత్రువు రేవులో దిగి, శత్రువు గోడ కట్టి పెట్టాడు. చప్పుడు చెయ్యకుండా కిందికి దిగి, ఆమె ఏమీ అడగకముందే లంగరెత్తేస్తే? లేవబోయాడు. అప్పుడే మొన తిరిగి మోటారు చప్పుడు వచ్చి ఒడ్డున ఆగింది. గులకరాళ్ళ మీద అడుగులు.

"ఎవడ్రా నా గోడ మీద చెయ్యేసింది?"

జ్వానె గొంతు, లాస్తాని చూసి కూడా నమ్మలేనట్టుంది. నలభై ఏళ్ళుగా చర్చిలో దగ్గుగా మాత్రమే వినపడిన గొంతు.

"నేనే" అన్నాడు బర్తుల్.

అడుగులు ఆగిపోయాయి. "నువ్వా" అన్నాడు జ్వానె. గట్టెక్కి వచ్చి, "ఈ గోడ ఎప్పుడో పడిపోయింది. మావాణ్ణి అడిగాను, కోడల్ని అడిగాను. అందరికీ హోటలే. నేను వంగితే మళ్ళీ లేవలేను. మీదికొచ్చి చూడటం కూడా మానేశాను."

బర్తుల్ దగ్గర రెండు మాటలున్నాయి. పొరపాటున వచ్చానురా, కళ్ళు కనిపించడం లేదు అన్నది ఒకటి. అది అంటే జ్వానెకి తెలుస్తుంది, కింద కూర్చున్న పెరీనాకి తెలుస్తుంది, రేపటికి ఊరంతా తెలుస్తుంది.

"దారిన పోతుంటే కనిపించింది. బాగాలేదు" అని రెండోది అన్నాడు.

కింద పడవ దగ్గర పెరీనాకి దగ్గు వచ్చింది.

"నా గోడ ఎత్తడానికి వచ్చావా, బర్తులూ" అన్నాడు జ్వానె. "మనిద్దరిలో ఎవడో ఒకడు చచ్చేదాకా మాటలు కలవవనుకున్నాను. ఎవడు పోయినా రెండోవాడు చావుకి వెళ్ళడు, అదొక్కటే బాధగా ఉండేది."

బర్తుల్ ఇంకో రాయి కోసం తడిమాడు. కిందినుంచి పెరీనా గొంతు వచ్చింది. "ఏం జ్వానె, అలా నిలబడి చూస్తావా, ఒక రాయన్నా అందిస్తావా?"

జ్వానె రాళ్ళు అందించాడు. బర్తుల్ పెట్టాడు.

"పడుకోబెడుతున్నావేంట్రా. మేం నిలబెడతాం."

"నిలబెట్టే కదా పడిపోయింది."

జ్వానె నవ్వాడు. నవ్వడానికి కూడా ఓపిక చాలని నవ్వు.

రొట్టె మూట అప్పుడు విప్పారు. ముగ్గురూ జ్వానె రాతి గది నీడలో కూర్చున్నారు. జ్వానె పడవలోంచి సీసా తెచ్చాడు. మాట్లాడుకోవడానికి నలభై ఏళ్ళ కబుర్లు ఉన్నాయి, మొదలుపెట్టే ఓపిక ఎవరికీ లేదు. పళ్ళు ఊడిన సంగతి, ఆలివ్ ఈగ సంగతి మాట్లాడుకున్నారు. సీసా సగమయ్యాక జ్వానె అన్నాడు.

"నా పడవకి పూలు పూశాయని ఊరంతా తిరిగావట."

"తిరిగాను."

"పొద్దున్నే ఆ పూలకి నీళ్ళు పోసేది నేనే. ఎవరూ లేవకముందు పోస్తాను. వెనకవైపు, చుక్కాని ఉండే చోట కాస్త అంచు మిగిలింది. అక్కడ కూర్చుని పోస్తాను."

బర్తుల్ గ్లాసు కింద పెట్టేశాడు.

పొద్దు వాలుతుండగా జ్వానె మోటారు వేసుకుని పోయాడు. పోతూ, "వచ్చే ఏడు నాతో రండి. మోటారుకి తాళం తిప్పితే చాలు, నడుం వంచక్కర్లేదు" అని కేకేసి పోయాడు. ఒడ్డున ఇద్దరే మిగిలారు. నీళ్ళు రాగి రంగుకి తిరిగాయి. ఆ రంగు బర్తుల్‌కి కనిపించింది.

"పెరీనా."

"ఊఁ."

"ఇది మన రేవు కాదు."

"కాదు."

"లేచి చూడగానే తెలిసిందా?"

"నేను నిద్రపోతే కదా లేవడానికి. మన మొన దాటేసినప్పుడే తెలిసింది."

"మరి చెప్పొచ్చుగా."

"చెప్పీ చెప్పీ అలిసిపోయాను, ముసలాయనా. క్రిస్మస్ నుంచీ చెబుతూనే ఉన్నాను. వీధిలో మెట్టుందని చెప్పాను. ఎదురొచ్చేది ఫాదర్ అని, దణ్ణం పెట్టమని చెప్పాను. పులుసులో ముల్లుందని చెప్పాను. బయలుదేరినప్పట్నుంచీ ప్రతి రాయికీ పేరు పెట్టి చెప్పాను. పెళ్ళికి ముందు మా ఇంట్లో నన్ను మూగది అనేవాళ్ళు. నీకు గుర్తులేదేమో."

గుర్తుంది. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు ఆమె నోరు విప్పలేదు. కాపురానికి వచ్చాక కూడా పూటకి నాలుగు మాటలు. ఆ మనిషికి ఇంత నోరు ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో, పక్కనే కూర్చుని విసుక్కోవడమే గానీ ఒక్కసారైనా ఆలోచించలేదు.

"ఒప్పందం నువ్వే పెట్టావు" అన్నాడు బర్తుల్.

"నేనే పెట్టాను, నేనే మోసం చేశాను. నీ కోసం చేశానంటే నువ్వు నెత్తికెక్కుతావు. నాకూ ఇంకొక్కసారి రావాలనిపించింది. వచ్చాను. చూశాను."

"మరి ఇవాళెందుకు ఊరుకున్నావు?"

"నోరు నొప్పెట్టింది. పోనీ ఎక్కడికి తీసుకుపోతే అక్కడికే పోదాం అనిపించింది. రాళ్ళకి గుద్దుతావేమోనని ఒక కన్ను తెరిచే ఉంచాన్లే." ఆమె అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో రాతి పొడి ఉంటే గౌను అంచుతో తుడిచింది. "చాలు, బర్తులూ. నిజంగా చాలు."

బర్తుల్ బతిమాలలేదు. ఏడవలేదు కూడా. ఒప్పందంలో ఆ ముక్కయినా నిలబెట్టాడు.

మర్నాడు పొద్దున పడవ ఎక్కి, అలవాటుగా వెనక్కి నడిచి, చుక్కాని దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత ముందుకి తడుముకుంటూ వచ్చి చాప తాడు దగ్గర కూర్చున్నాడు. పెరీనా వెనక్కి వెళ్ళి పిడి పట్టుకుంది. మొన తిరిగి సొంత రేవుకి వెళ్ళారు. అక్కడ తమ గోడకీ రాళ్ళు పెట్టారు. తిన్నారు. తర్వాత ఇంటివైపు తిరిగారు.

"పూలు మాత్రం వద్దు" అన్నాడు బర్తుల్ దారిలో.

"నీళ్ళు పోసే ఓపిక నాకెక్కడిది" అంది పెరీనా.

ముర్తెర్ చేరేదాకా ఆమె అన్న మాట అదొక్కటే. ఆ నిశ్శబ్దంలో బర్తుల్ తాడు చేతికి చుట్టుకుని, నెలల తర్వాత మొదటిసారి, పడవలో నిశ్చింతగా నిద్రపోయాడు.

లాస్తా ఇప్పుడు వాళ్ళ పెరట్లో రేకుల కింద బోర్లించి ఉంది. మట్టి లేదు, మొక్క లేదు. జ్వానె వారానికోసారి వచ్చి దానికి ఆనుకుని కూర్చుంటాడు. అతని గోడలో ఆ మేర మాత్రం రాళ్ళు ఇప్పటికీ పడుకునే ఉన్నాయి. సరిచెయ్యనివ్వడు. అది బర్తుల్ కావాలని వచ్చి కట్టిన గోడ అని వచ్చేపోయేవాళ్ళకి చూపిస్తాడు. నాకు అసలు సంగతి పెరీనా చెప్పింది, ఆవిడకిప్పుడు మళ్ళీ పూటకి నాలుగు మాటలే గనక వాటిలో అబద్ధం ఉండదు.

మొదట్లో నేను తోట పందెం వేశాను, ఎవరూ రాకండి. కళ్ళు మూసుకుని ఏ రేవుకైనా తీసుకెళ్తాడన్నాను, తీసుకెళ్ళాడు. ఎవరి రేవుకన్నది నేను చెప్పలేదు.

ఇక ఒక్కటి ఒప్పుకుంటాను. పొట్టేలు తెరచాప తినడం, ఆ కూర తిన్నవాళ్ళు గాలికి ఒరిగిపోవడం నేను అల్లినవే. అసలు పొట్టేలే లేదు. గొడవ మాత్రం నిజం. దేనికి వచ్చిందని మొన్న ఆ ఇద్దర్నీ పడవ దగ్గర కూర్చోబెట్టి అడిగాను. చాలాసేపు ఆలోచించి, దేనికని ఇద్దరూ తిరిగి నన్నే అడిగారు.